విద్యుత్ కొలత మీటర్లలో అనలాగ్, బైనరీ ఇన్‌పుట్‌ల అమరిక: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని 33/11 కేవీ సబ్‌స్టేషన్లలోను, పైడిభీమవరం, బొబ్బిలి వంటి పారిశ్రామికవాడల్లోను మీటర్లు, ప్యానెళ్ల కమిషనింగు పని చేస్తున్న నాకు షిఫ్టు ఆపరేటర్ల నుంచి, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఐటీఐ, డిప్లొమా యువకుల నుంచి ఏళ్లుగా అవే సందేహాలు వస్తున్నాయి. ఫోనులో చెప్పిన సమాధానం పని జరిగే చోటికి చేరేసరికి సగం మారిపోతోంది కనుక, వాటిని పని జరిగే దశల వారీగా ఇక్కడ రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు.

## కొనుగోలుకు ముందు

అనలాగ్ ఇన్‌పుట్ అంటే ఏమిటి, బైనరీ ఇన్‌పుట్ అంటే ఏమిటి?

ఎంత ఉంది అనే ప్రశ్నకు జవాబు తెచ్చేది అనలాగ్ ఇన్‌పుట్. ఉందా లేదా అనే ప్రశ్నకు జవాబు తెచ్చేది బైనరీ ఇన్‌పుట్. సీటీ (పెద్ద కరెంటును మీటరుకు తగినంత తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు) నుంచి వచ్చే కరెంటు, పీటీ (అలాగే వోల్టేజిని తగ్గించేది) నుంచి వచ్చే వోల్టేజి, ట్రాన్స్‌ఫార్మరు ఆయిలు ఉష్ణోగ్రతను మోసుకొచ్చే 4-20 మిల్లీఆంపియర్ల సంకేతం మొదటి రకానికి చెందినవి. బ్రేకరు మూసి (కరెంటు పోయేలా కలిసి) ఉందా, బుకోల్జ్ (ట్రాన్స్‌ఫార్మరు లోపల లోపాన్ని పసిగట్టే రిలే) అలారం వచ్చిందా, డీజీ సెట్టు (డీజిల్ జనరేటరు) నడుస్తోందా అన్నవి రెండో రకానివి. మన ప్యానెళ్ల మీద బైనరీ ఇన్‌పుట్‌నే డిజిటల్ ఇన్‌పుట్ అనీ, డీఐ అనీ రాస్తుంటారు, అన్నీ ఒకటే.

సీటీ సెకండరీ (మీటరు వైపు చుట్ట) 1 ఆంపియరుది తీసుకోవాలా, 5 ఆంపియర్లది తీసుకోవాలా?

మీటరుకూ సీటీకీ మధ్య దూరాన్ని బట్టి తీసుకోవాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు దాదాపు 7.4 ఓముల నిరోధం ఉంటుంది. యార్డులోని సీటీ నుంచి కంట్రోల్ రూముకు 50 మీటర్లు ఉంటే, పోను రాను 100 మీటర్ల తీగకు 0.74 ఓములు వస్తాయి. ఆ తీగలో 5 ఆంపియర్లు ప్రవహిస్తే తీగ ఒక్కటే 18.5 వోల్టు ఆంపియర్లు తినేస్తుంది. 1 ఆంపియరు ప్రవహిస్తే తినేది 0.74 మాత్రమే. 15 వోల్టు ఆంపియర్ల బర్డెన్ (మోయగల భారం) ఉన్న 5 ఆంపియర్ల సీటీని అంత దూరంలో పెడితే, మీటరు ఎంత ఖరీదైనదైనా రీడింగు మీద నమ్మకం పెట్టుకోలేము. అందువల్ల యార్డు నుంచి వచ్చే సీటీలకు 1 ఆంపియరు, మీటరున్న ప్యానెల్‌లోనే బిగించే ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) సీటీలకు 5 ఆంపియర్లు ఎంచుకోవడం మంచిది. మీటరు ఇన్‌పుట్ ఆ రెంటిలో దేనికి తయారైందో ఆర్డరు పెట్టే ముందే చూసుకోవాలి. కొన్ని మీటర్లలో దీన్ని సెట్టింగులో మార్చుకోవచ్చు, కొన్నింటిలో టెర్మినళ్లే వేరుగా ఉంటాయి.

సీటీకి రెండు కోర్లు ఉన్నాయి, మీటరును ఏ కోర్‌కు కలిపినా ఫరవాలేదా?

మీటరింగు కోర్‌కే కలపాలి. 0.5 లేదా 0.2ఎస్ తరగతి కోర్ మామూలు లోడు దగ్గర ఖచ్చితంగా ఉండి, ఫాల్టు వచ్చినప్పుడు త్వరగా సంతృప్తమై మీటరును కాపాడుతుంది. 5పీ20 వంటి ప్రొటెక్షన్ కోర్ అందుకు విరుద్ధంగా, రేటింగుకు 20 రెట్ల వరకూ ఫాల్టు కరెంటును యథాతథంగా రిలేకు అందించడానికి తయారైంది. అదే కరెంటు మీటరులోకీ వస్తుంది. పైగా తక్కువ లోడులో దాని కొలత నికరంగా ఉండదు.

బైనరీ ఇన్‌పుట్ ఎన్ని వోల్టులది అడగాలి?

మీ స్టేషను బ్యాటరీ ఎన్ని వోల్టులదో అన్ని వోల్టులదే అడగాలి. 24, 48, 110, 220 వోల్టుల డీసీ ఇన్‌పుట్‌లు దొరుకుతాయి. 24 వోల్టుల ఇన్‌పుట్‌ను 220 వోల్టుల బ్యాటరీకి కలిపితే లోపలి ఆప్టోకప్లరు వెంటనే కాలిపోతుంది. 220 వోల్టుల ఇన్‌పుట్‌కు 24 వోల్టులు ఇస్తే కాంటాక్టు మూసుకున్నా సంకేతం రాదు. ఎక్కువ వోల్టేజి వల్ల ఇంకో మేలు ఉంది. సముద్రపు గాలి తగిలే సోంపేట, కళింగపట్నం, భోగాపురం వైపు కాంటాక్టుల మీద పలుచని తుప్పు పొర త్వరగా పేరుకుంటుంది. ఆ పొరను ఛేదించి కరెంటు పోవడానికి 24 వోల్టుల కంటే 110 వోల్టులు బాగా ఉపకరిస్తాయి.

డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) బిల్లింగు మీటరు టెర్మినళ్ల నుంచే మా మీటరుకు కనెక్షను తీసుకోవచ్చా?

తీసుకోకూడదు. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ సీలు వేసిన మీటరింగు క్యూబికల్‌లో చెయ్యి పెట్టడం 2003 విద్యుత్ చట్టం 138వ సెక్షను ప్రకారం శిక్షార్హం. మీ సొంత సీటీలు, పీటీలు మీ వైపు ప్యానెల్‌లో పెట్టుకోండి. బిల్లుతో సరిచూసుకోవడానికి పల్స్ అవుట్‌పుట్ (ఇన్ని యూనిట్లకు ఒకటి చొప్పున మీటరు పంపే సంకేతం) కావాలంటే సంస్థకు దరఖాస్తు చేసి, వారి సిబ్బంది చేతనే ఇప్పించుకోవాలి.

## వైరింగు దశలో

సీటీ ఇన్‌పుట్ వైరు విప్పవలసి వస్తే ఏం చేయాలి?

లైను చార్జిలో (కరెంటుతో) ఉండగా సీటీ సెకండరీని ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు. సెకండరీ దారి తెగిపోతే ప్రైమరీ (లైను వైపు) కరెంటు మొత్తం కోర్‌ను మాగ్నటైజ్ చేయడానికే పోయి, సెకండరీ కొనల మధ్య ప్రాణం తీసేంత వోల్టేజి పుడుతుంది. టెస్ట్ టెర్మినల్ బ్లాకులో మీటరుకు సీటీ వైపున షార్టింగు లింకు వేసి, క్లాంపు మీటరుతో మీటరు వైపు కరెంటు సున్నా అయిందని చూసుకుని, ఆ తర్వాతే స్క్రూ వదులు చేయాలి. లింకు వేశాను కదా అని చూడకుండా విప్పేవారిని నేను పని ఆపించి మరీ మందలిస్తాను, ఎందుకంటే బిగుతు కాని లింకు లేని లింకుతో సమానం.

మా కాంటాక్టు పొటెన్షియల్ ఫ్రీ అని రాశారు. నేరుగా ఇన్‌పుట్‌కు కలిపాను, ఏమీ రావడం లేదు. ఎందుకు?

పొటెన్షియల్ ఫ్రీ కాంటాక్టు ఉత్త స్విచ్చు. దానిలోంచి వోల్టేజి రాదు. మీటరు తానే వోల్టేజి పంపి కాంటాక్టును చదివే రకమైతే రెండు తీగలు కలిపితే చాలు. చాలా మీటర్లు అలా పంపవు. అప్పుడు బ్యాటరీ పాజిటివ్‌ను ఫ్యూజు ద్వారా కాంటాక్టుకు, కాంటాక్టు రెండో కొనను ఇన్‌పుట్ పాజిటివ్ టెర్మినల్‌కు, ఇన్‌పుట్ కామన్‌ను బ్యాటరీ నెగెటివ్‌కు కలపాలి. మీటరు తానే వోల్టేజి పంపే రకమై ఉండగా బయటి వోల్టేజి ఇస్తే ఇన్‌పుట్ పాడవుతుంది కాబట్టి, మాన్యువల్‌లోని కనెక్షను బొమ్మ చూసేవరకూ ఫ్యూజు పెట్టకండి.

4-20 మిల్లీఆంపియర్ల ట్రాన్స్‌మిటరుకు కరెంటు ఎవరు ఇవ్వాలి, మీటరా, ట్రాన్స్‌మిటరా?

ట్రాన్స్‌మిటరు అంటే కొలిచిన విలువను కరెంటు సంకేతంగా మార్చి పంపే పరికరం. రెండు తీగల ట్రాన్స్‌మిటరు లూపు (ఆ సంకేతం తిరిగే తీగల వలయం) నుంచే తన కరెంటు తీసుకుంటుంది, కనుక 24 వోల్టుల డీసీ సప్లైను లూపులో సిరీస్‌గా పెట్టాలి. నాలుగు తీగల ట్రాన్స్‌మిటరుకు సప్లై వేరుగా ఉండి, అవుట్‌పుట్ కరెంటును అదే తోస్తుంది. దానికి మళ్లీ 24 వోల్టులు కలపకూడదు. లూపులో ఎంత నిరోధం పెట్టవచ్చో తేలికగానే లెక్క కట్టవచ్చు. ట్రాన్స్‌మిటరుకు కనీసం 12 వోల్టులు కావాలనుకుంటే, 24 లోంచి 12 తీసివేయగా మిగిలిన 12 వోల్టులను 0.02 ఆంపియరుతో భాగిస్తే 600 ఓములు వస్తుంది. మీటరు ఇన్‌పుట్ నిరోధం, తీగ నిరోధం కలిపి అంత లోపు ఉండాలి. లేకపోతే కింది రీడింగులు సరిగ్గానే వచ్చి, 20 మిల్లీఆంపియర్ల దగ్గరకు వచ్చేసరికి సూచిక పైకి పోకుండా ఆగిపోతుంది.

పీటీ100 సెన్సరుకు మూడు తీగలు ఎందుకు? రెండు సరిపోవా?

పీటీ100 అంటే ఉష్ణోగ్రతను బట్టి నిరోధం మారే ప్లాటినం సెన్సరు, వోల్టేజి పీటీ కాదు. దాని నిరోధం 0 డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర దాదాపు 138.5 ఓములు. అంటే డిగ్రీకి 0.385 ఓము. 1 చదరపు మిల్లీమీటరు తీగను 30 మీటర్లు లాగితే పోను రాను 1.1 ఓములు కలిసి, రీడింగు దాదాపు 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. మూడో తీగ ఉంటే మీటరు ఆ తీగ నిరోధాన్ని కొలిచి తీసివేస్తుంది. మూడు తీగలూ ఒకే మందం, ఒకే పొడవు ఉండాలి.

షీల్డు ఉన్న కేబుల్‌కు ఎర్తింగు ఎక్కడ చేయాలి?

మిల్లీఆంపియరు, పీటీ100 వంటి చిన్న సంకేతాల కేబుల్‌కు షీల్డును ప్యానెల్ వైపు ఒక్క చోటే ఎర్త్ చేసి, ఫీల్డు వైపు కొనను టేపుతో మూసేయాలి. రెండు చోట్లా ఎర్త్ చేస్తే రెండు ఎర్తుల మధ్య ఉన్న తేడా వల్ల షీల్డులోంచే కరెంటు పారి, రీడింగు ఊగుతుంది. ఆ కేబుళ్లను పవరు కేబుళ్లతో ఒకే ట్రేలో కట్టవద్దు.

ఎండాకాలం బాగానే ఉంటుంది; వానలు మొదలవగానే బుకోల్జ్ అలారం వచ్చి పోతూ ఉంటుంది. మీటరు మార్చాలా?

మీటరు మార్చే ముందు ట్రాన్స్‌ఫార్మరు పక్కనున్న మార్షలింగు బాక్సు (యార్డులోని తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె) తలుపు తెరిచి చూడండి. ఒక సబ్‌స్టేషనులో ఇదే ఫిర్యాదు మీద నేను వెళ్లాను. అడుగున వాడని రెండు గ్లాండు (కేబుల్ లోపలికి వచ్చే) రంధ్రాలు తెరిచే ఉన్నాయి. తలుపు రబ్బరు ఎండి పెళుసై విరిగిపోయింది. బుకోల్జ్ తీగలున్న టెర్మినళ్ల మీద ఆకుపచ్చని చిలుము, దాని మీద చెమ్మ, రెండు టెర్మినళ్ల మధ్య ఎండిన బల్లి. ఆ చెమ్మ దారిన కారే కరెంటే ఇన్‌పుట్‌ను అప్పుడప్పుడు లేపుతోంది. టెర్మినళ్లు శుభ్రం చేసి, లగ్గులు కొత్తవి వేసి, రంధ్రాలకు బిరడాలు బిగించి, రబ్బరు మార్చి, బాక్సులో స్పేస్ హీటరు మళ్లీ పనిచేసేలా చూశాక ఆ అలారం ఆగింది. మెగ్గరుతో తీగల ఇన్సులేషను చూడాలనుకుంటే ముందుగా మీటరు వైపు తీగలు విప్పాలి. 500 వోల్టుల మెగ్గరు ఇన్‌పుట్ కార్డును కాల్చివేస్తుంది.

## అనలాగ్ సెట్టింగుల దశలో

11 కేవీ ఫీడరు మీటరు 19 కేవీ చూపిస్తోంది. ఏ సెట్టింగు తప్పు?

పీటీ సెకండరీ విలువ తప్పు. మన 11 కేవీ పీటీల సెకండరీ లైను నుంచి లైనుకు 110 వోల్టులు, ఫేజు నుంచి న్యూట్రలుకు 63.5 వోల్టులు. ప్రైమరీ స్థానంలో 11,000 వేసి, సెకండరీ స్థానంలో 63.5 వేస్తే నిష్పత్తి 100కు బదులు 173 అయి, 11 కేవీ లైను 19 కేవీగా కనిపిస్తుంది. రెండు స్థానాల్లోనూ లైను వోల్టేజి వేయండి, లేదా రెండు స్థానాల్లోనూ ఫేజు వోల్టేజి వేయండి.

మీటరులో యూనిట్లు సరిగ్గా ఉన్నాయి, కంప్యూటరులో మాత్రం వేల రెట్లు ఎక్కువ వస్తున్నాయి. ఎందుకు?

గుణకం రెండు చోట్ల పడింది. 200/5 సీటీకి 40, 11,000/110 పీటీకి 100, మొత్తం గుణకం 4,000. మీటరులో ఈ నిష్పత్తులు వేస్తే అది ప్రైమరీ విలువలనే పంపుతుంది. కంప్యూటరులో మళ్లీ 4,000 వేస్తే గుణకం మీద గుణకం పడుతుంది. గుణకం మీటరులోనే వేసి, కంప్యూటరులో 1 ఉంచడం నాకు నచ్చిన పద్ధతి. ప్యానెల్ ముందు నిలబడిన ఆపరేటరు, కంప్యూటరు ముందున్న ఇంజనీరు ఒకే అంకె చూడగలిగితేనే ఫోనులో మాట కలుస్తుంది.

ట్రాన్స్‌ఫార్మరు డయలు 85 డిగ్రీలు చూపిస్తోంది, ప్యానెల్ మీటరు 68 చూపిస్తోంది. ఏది నమ్మాలి?

డయలునే నమ్మండి, మీటరు స్కేలింగు చూడండి. 4-20 మిల్లీఆంపియర్ల సంకేతం తనంతట తాను ఏ ఉష్ణోగ్రతనూ చెప్పదు. 4 అంటే ఎంత, 20 అంటే ఎంత అని మనం చెప్పిన దాన్నే మీటరు చూపిస్తుంది. సూత్రం ఇది:

విలువ = కింది హద్దు + (మిల్లీఆంపియర్లు − 4) ÷ 16 × (పై హద్దు − కింది హద్దు)

ట్రాన్స్‌మిటరు పరిధి 0 నుంచి 150 డిగ్రీలైతే, 85 డిగ్రీలకు 13.07 మిల్లీఆంపియర్లు వస్తుంది. మీటరులో పరిధిని 0 నుంచి 120 అని వేసి ఉంటే అదే 13.07 మిల్లీఆంపియర్లు 68 డిగ్రీలుగా కనిపిస్తుంది. ఒక కర్మాగారంలో సరిగ్గా ఇదే జరిగింది. మీటరు మార్చినవారు పాత మీటరు పరిధి కాగితం మీద రాసుకోలేదు. కొత్త మీటరు పెట్టెలోంచి తీసినప్పుడు ఉన్న పరిధినే ఉంచేశారు. అలారం 80 డిగ్రీలకు పెట్టామని అందరూ నిశ్చింతగా ఉన్నారు, కాని ఆ అలారం మోగాలంటే ఆయిలు నిజంగా 100 డిగ్రీలకు చేరాలి. ట్యాంకు మీద చెయ్యి పెట్టలేకపోతున్నామని షిఫ్టు ఆపరేటరు రెండు మూడు సార్లు చెప్పినా, మీటరు చూసినవారు ఆయన మాట పట్టించుకోలేదు. పరిధి అంకెలను ఎప్పుడూ ట్రాన్స్‌మిటరు మీదున్న నేమ్‌ప్లేటు చూసి మాత్రమే వేయాలి.

0-20 అని పెట్టినా 4-20 అని పెట్టినా తేడా తెలియడం లేదే?

పై కొసన తెలియదు, కింద తెలుస్తుంది. 4-20 సంకేతాన్ని 0-20 అని చదివితే, 150 డిగ్రీల పరిధిలో సున్నా డిగ్రీలు 30గా, 90 డిగ్రీలు 102గా కనిపిస్తాయి; 150 దగ్గర మాత్రం రెండూ కలుస్తాయి. పరీక్షలో పై విలువ ఒక్కటే ఇచ్చి సరిపోయిందనుకునేవారు అందుకే మోసపోతారు.

తీగ తెగిపోతే మీటరుకు ఎలా తెలుస్తుంది?

సంకేతం సున్నా దగ్గర కాక 4 దగ్గర మొదలవడంలోని ప్రయోజనమే అది. పరిశ్రమలో పాటించే నామూర్ ఎన్ఈ43 పద్ధతిలో 3.8 నుంచి 20.5 మిల్లీఆంపియర్ల వరకూ కొలతగాను, 3.6 కంటే తక్కువ, 21 కంటే ఎక్కువ వచ్చినప్పుడు లోపంగాను పరిగణిస్తారు. మీటరులో తీగ తెగిన గుర్తింపు అనే సెట్టింగు ఉంటే తప్పక ఆన్ చేయండి. అది లేని మీటరులో తీగ తెగితే సున్నా డిగ్రీలో, అంతకంటే తక్కువో కనిపిస్తుంది; వేసవిలో చీపురుపల్లిలో ట్రాన్స్‌ఫార్మరు సున్నా డిగ్రీల్లో ఉండదని మనకు తెలుసు కాని, అలారం లెక్కకు తెలియదు.

రీడింగు క్షణానికో అంకె మారుతోంది. సగటు సమయం ఎంత పెట్టాలి?

ఉష్ణోగ్రత, ట్యాపు స్థానం, బ్యాటరీ వోల్టేజి వంటివి నెమ్మదిగా మారేవి కనుక 1 నుంచి 5 సెకండ్ల సగటు చాలు. కరెంటు, వోల్టేజిలకు ఐఈసీ 61000-4-30 ప్రమాణం 50 హెర్ట్జ్ వ్యవస్థలో 10 సైకిళ్లను, అంటే 200 మిల్లీసెకండ్లను మూల కొలతగా తీసుకుంటుంది. ఆర్క్ ఫర్నేసులున్న ఫెర్రో అల్లాయ్ యూనిట్లలో కరెంటు సహజంగానే ఎగిరి పడుతుంది. అక్కడ అంకె నిలకడగా కనిపించడం కోసం సగటును నిమిషాలకు పెంచితే, చూడవలసిన ఎగుడుదిగుళ్లే కనిపించకుండా పోతాయి.

## బైనరీ సెట్టింగుల దశలో

ఇన్‌పుట్ ఎన్ని వోల్టుల దగ్గర ఆన్ కావాలి? ఆ థ్రెషోల్డు అంకె ఎలా నిర్ణయించాలి?

బ్యాటరీ వోల్టేజిలో సగం కంటే ఎక్కువ, బ్యాటరీ బాగా పడిపోయినప్పుడు ఉండే వోల్టేజి కంటే తక్కువ ఉండాలి. సగం అని ఎందుకంటున్నానో చెబుతాను. 220 వోల్టుల బ్యాటరీ భూమి దృష్ట్యా మధ్యలో తేలుతూ ఉంటుంది: పాజిటివ్ వైపు 110, నెగెటివ్ వైపు 110. కాంటాక్టుకూ ఇన్‌పుట్‌కూ మధ్య తీగ ఎక్కడో ఒరుసుకుని ఎర్త్ అయితే, కాంటాక్టు తెరిచే ఉన్నా ఇన్‌పుట్‌కు 110 వోల్టులు అందుతాయి. థ్రెషోల్డు 80 దగ్గర ఉంటే, జరగని ఘటన జరిగినట్టు నమోదవుతుంది. బ్యాటరీ 85 శాతానికి పడితే 187 వోల్టులు. కాబట్టి 110కీ 187కీ మధ్య, 150 దాపులో పెట్టడం సబబు. 110 వోల్టుల బ్యాటరీకి అదే లెక్కన 75 దాపులో వస్తుంది. ఐఈసీ 61131-2 ప్రకారం తయారైన 24 వోల్టుల టైప్ 1 ఇన్‌పుట్‌లలో 5 వోల్టుల లోపు ఆఫ్, 15 వోల్టులు దాటితే ఆన్ అని ముందే స్థిరంగా ఉంటుంది.

డీబౌన్స్ సమయం ఎంత పెట్టాలి?

కాంటాక్టు మూసుకునేటప్పుడు కొన్ని మిల్లీసెకండ్లు ఎగిరెగిరి తగులుతుంది. దాన్నంతా ఘటనలుగా లెక్కించకుండా ఆపేదే డీబౌన్స్. బ్రేకరు, రిలే కాంటాక్టులకు డీసీలో 5 నుంచి 20 మిల్లీసెకండ్లు సరిపోతుంది. ఇన్‌పుట్‌కు ఏసీ ఇస్తున్నట్టయితే, 50 హెర్ట్జ్‌లో ప్రతి 10 మిల్లీసెకండ్లకు వోల్టేజి సున్నాను దాటుతుంది గనుక 20కి పైగా పెట్టాలి. పల్స్ లెక్కించే ఇన్‌పుట్‌కు మాత్రం విరుద్ధం: ఐఈసీ 62053-31 తరహా పల్స్ కనీస నిడివి 30 మిల్లీసెకండ్లు, అక్కడ డీబౌన్స్ 50 పెడితే ఒక్క పల్సూ నమోదు కాదు.

ఒకే బ్రేకరుకు రెండు ఇన్‌పుట్‌లు ఎందుకు వాడతారు?

ఒకే కాంటాక్టు వాడితే, తీగ తెగినప్పుడు కూడా బ్రేకరు తెరిచి ఉందనే చూపిస్తుంది. ఇది ప్రాణాల మీదికి తెచ్చే తప్పు. అందుకే బ్రేకరు మూసినప్పుడు మూసుకునే సహాయక కాంటాక్టును ఒక ఇన్‌పుట్‌కు, తెరిచినప్పుడు మూసుకునేదాన్ని ఇంకో ఇన్‌పుట్‌కు ఇస్తారు. ఐఈసీ 61850లో 01 అంటే తెరిచి ఉంది, 10 అంటే మూసి ఉంది, 00 అంటే మధ్యలో ఉంది, 11 అంటే నమ్మదగని స్థితి. కదిలేటప్పుడు కొంతసేపు 00 రావడం సహజం కాబట్టి దానికి ఆలస్యం పెట్టాలి: బ్రేకరుకు 200 మిల్లీసెకండ్ల దాపులో, మోటారుతో నడిచే ఐసొలేటరుకు (లైనును కంటికి కనిపించేలా విడదీసే స్విచ్చుకు) అది నిజంగా తీసుకునే సెకండ్లను కొలిచి, దానికి కొంచెం కలిపి. ప్యానెల్ మీద ఏ స్థితి కనిపించినా, లైను మీదికి మనిషిని ఎక్కించే ముందు ఐసొలేటరు బ్లేళ్లు కంటితో చూసి, ఎర్తింగు వేసిన తర్వాతే ఎక్కించాలి.

పల్స్ విలువ ఎలా లెక్క కట్టాలి?

పల్స్ సెకండరీ యూనిట్లదా, ప్రైమరీ యూనిట్లదా అన్నది ముందు తేల్చుకోండి. సెకండరీ యూనిట్‌కు 10 పల్స్‌లు ఇచ్చే మీటరుకు గుణకం 4,000 అయితే, ఒక్కో పల్స్ 400 యూనిట్లు. 500 కిలోవాట్ల లోడులో అలాంటి పల్స్ 48 నిమిషాలకు ఒకటి వస్తుంది. దానితో 15 నిమిషాల డిమాండు లెక్క కట్టబోతే రెండు మూడు సార్లు సున్నా, ఆ తర్వాత ఒకసారి 1,600 కిలోవాట్లు వస్తుంది. పల్స్‌కు 1 ప్రైమరీ యూనిట్ అని పెట్టుకుంటే అదే లోడులో 7.2 సెకండ్లకు ఒక పల్స్ వచ్చి, లెక్క అర్థవంతంగా ఉంటుంది.

డీజీ నడిచినప్పుడు ఆ యూనిట్లు వేరుగా లెక్కించాలి. ఏ కాంటాక్టు తీసుకోవాలి?

పలాస జీడిపప్పు యూనిట్ల నుంచి ఈ ప్రశ్న తరచు వస్తుంది. డీజీ ఇంజను నడుస్తోందనే సంకేతం తీసుకోకండి. ఇంజను లోడు లేకుండా కూడా కొంతసేపు నడుస్తుంది, ఆ సమయంలో గ్రిడ్ యూనిట్లు డీజీ ఖాతాలో పడతాయి. డీజీ వైపు బ్రేకరు లేదా చేంజోవరు స్విచ్చు సహాయక కాంటాక్టు తీసుకోవాలి.

ఇన్వర్ట్ అనే సెట్టింగు ఎప్పుడు వాడాలి?

ఆరోగ్యంగా ఉన్నప్పుడు మూసి ఉండి, లోపం వచ్చినప్పుడు తెరుచుకునే కాంటాక్టుకు వాడాలి. తప్పుగా పడిన తీగను సరిచేయకుండా కప్పిపుచ్చడానికి వాడకండి. తర్వాత వచ్చేవారికి డ్రాయింగు ఒకటి, పరికరం ఒకటి చెబుతాయి.

## పరీక్ష దశలో

ప్యానెల్ దగ్గర టెర్మినళ్లు షార్టు చేసి చూశాను, సంకేతం వచ్చింది. అది చాలదా?

చాలదు. అది మీటరు బాగుందని మాత్రమే చెబుతుంది. మధ్యలోని కేబుల్, మార్షలింగు బాక్సు, ఫెర్రూల్ (తీగ కొసన తొడిగే గుర్తు) నంబర్ల సంగతి చెప్పదు. బుకోల్జ్‌కు దాని పైనున్న టెస్టు మీట నొక్కాలి. ఉష్ణోగ్రత లూపుకు ట్రాన్స్‌మిటరు కొస దగ్గర లూప్ క్యాలిబ్రేటరు కలిపి 4, 8, 12, 16, 20 మిల్లీఆంపియర్లు ఇచ్చి, ప్యానెల్‌లోను కంప్యూటరులోను అంకెలు రాసుకోవాలి. బ్రేకరును టెస్టు స్థానంలో నిజంగా మూసి తెరవాలి. ఒకరు యార్డులో, ఒకరు ప్యానెల్ దగ్గర నిలబడి, పేరు చదివి, జవాబు విని టిక్కు పెట్టుకుంటూ పోతే 30 ఇన్‌పుట్‌లకు ఒక పూట పడుతుంది. ఆ పూట మిగుల్చుకోవాలని చూసినవారెవరూ బాగుపడటం నేను చూడలేదు.

లోడు ఉంది, కరెంటు మూడు ఫేజుల్లోనూ ఉంది, కాని మొత్తం కిలోవాట్లు చాలా తక్కువగానో సున్నాగానో వస్తున్నాయి. ఎందుకు?

సమతుల్య లోడులో మొత్తం సరిగ్గా మూడో వంతు వస్తుంటే, ఒక ఫేజు సీటీకి ఎస్1, ఎస్2 (సెకండరీ రెండు కొనలు) తారుమారు అయ్యాయి: ఒకటి, ఒకటి కలిసి, మరొకటి తీసివేతలో పడి ఒకటే మిగులుతుంది. మొత్తం సున్నా దగ్గర ఆడుతుంటే, రెండు ఫేజుల కరెంట్లు ఒకదాని స్థానంలో ఒకటి కలిశాయి. మీటరు ఫేజు వారీ కిలోవాట్లు, కోణాలు చూపిస్తే తప్పు ఏ ఫేజులో ఉందో వెంటనే తెలుస్తుంది. సెట్టింగులో దిశ మార్చే వీలున్నా, తీగనే సరిచేయడం మేలు.

మోడ్‌బస్‌లో (మీటరు నుంచి కంప్యూటరుకు అంకెలు పంపే పద్ధతిలో) ఉష్ణోగ్రత దాదాపు సున్నా వస్తోంది, మీటరు మీద 75 ఉంది. ఎందుకు?

రెండు రిజిస్టర్ల (అంకె నిల్వ ఉండే గడుల) క్రమం తారుమారైంది. 75 అనే దశాంశ సంఖ్య రెండు రిజిస్టర్లలో హెక్సాలో 4296, 0000గా వెళుతుంది. వెనుకది ముందు చదివితే లెక్కకు రానంత చిన్న సంఖ్య వస్తుంది. వర్డ్ స్వాప్ సెట్టింగు మార్చండి. పక్క ఇన్‌పుట్ విలువ వస్తుంటే మాత్రం చిరునామాను సున్నా నుంచి లెక్కించాలా, ఒకటి నుంచి లెక్కించాలా అన్న తేడా.

## వాడుకలోకి వచ్చాక

ట్రిప్పు ఉదయం 11:40కి జరిగితే మీటరులో 6:10 అని ఉంది. గడియారం పాడైందా?

పాడవలేదు. అది ప్రపంచ ప్రామాణిక సమయం రాస్తోంది. మన సమయం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. టైమ్ జోన్ సెట్టింగు చేసి, జీపీఎస్ లేదా నెట్‌వర్కు ద్వారా సమయం సరిపోయేలా పెట్టండి. రెండు సబ్‌స్టేషన్లలో ఏది ముందు ట్రిప్పయిందో తేల్చవలసి వచ్చినప్పుడు మిల్లీసెకండ్ల తేడాయే ఆధారమవుతుంది.

తుపాను తర్వాత అన్ని బ్రేకర్లూ తెరిచి ఉన్నట్టు ఒకేసారి చూపించింది, కాని లైన్లు చార్జిలోనే ఉన్నాయి. ఇది ఎలా సాధ్యం?

ఇన్‌పుట్‌లకు వోల్టేజి ఇచ్చే డీసీ సప్లై పోతే, లేదా బ్యాటరీ థ్రెషోల్డు కంటే కిందికి పడిపోతే, అన్ని ఇన్‌పుట్‌లూ ఒక్క క్షణంలో ఆఫ్ అవుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన జిల్లాలను తాకినప్పుడు రోజుల తరబడి సరఫరా లేని ఊళ్లున్నాయి. ఏసీ రాక చార్జరు ఆగితే ఏ స్టేషను బ్యాటరీ అయినా కొన్ని గంటలకు మించి మోయదు. అందుకే ఒక ఇన్‌పుట్‌ను కేవలం డీసీ సప్లై బాగుందని చెప్పడానికి కేటాయించి, అది ఆఫ్ అయినప్పుడు మిగతా స్థితులన్నీ నమ్మదగనివిగా కంప్యూటరులో గుర్తు పడేలా చేయాలి. తీరం దగ్గరి స్టేషన్లలో తుపాను తగ్గాక టెర్మినళ్ల మీద ఉప్పు పొర ఉంటుంది. సరఫరా పూర్తిగా తీసి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, తీగల ఇన్సులేషను చూసిన తర్వాత మాత్రమే డీసీ ఫ్యూజులు పెట్టాలి.

మీటరు కాలిపోయి కొత్తది పెడుతున్నాం. పాత సెట్టింగులు ఎవరి దగ్గరా లేవు. ఏం చేయాలి?

నేమ్‌ప్లేట్ల నుంచి మొదలుపెట్టండి: సీటీ, పీటీ, ట్రాన్స్‌మిటరు, బ్యాటరీ. వాటి ఫొటోలు తీసి, ఇన్‌పుట్ నంబరు, ఫెర్రూల్ నంబరు, పరిధి, థ్రెషోల్డు, డీబౌన్స్, పల్స్ విలువ, పరీక్షించిన తేదీ ఒక్కో వరుసలో వచ్చేలా పట్టిక రాయండి. ఒక ప్రతి కంప్యూటరులో ఉంచి, ఇంకో ప్రతిని ప్లాస్టిక్ కవరులో పెట్టి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించండి. రాత్రి షిఫ్టులో మీటరు మార్చవలసి వచ్చినవారికి తలుపు తీయగానే చేతికి అందేది అదే.